నలభై నిమిషాలు ముందు

“నేరస్థుడు ఎంత తెలివైనవాడైనా నేలమీద నడవక తప్పదు. నడిస్తే జాడ పడుతుంది. జాడ పడితే నా కన్ను పడుతుంది. నా కన్ను పడిందా, ఇక వాడి పని అయిపోయినట్టే. రాసుకో అక్కయ్యా.”

నేను రాసుకోలేదు. మా తమ్ముడు ఈ మాటలను బుధవారం మధ్యాహ్నం గడియారాల కొట్టు మెట్లమీద, ఒక కాలు పై మెట్టునా ఒక కాలు కింది మెట్టునా నిలిపి ప్రకటించాడు. పై మెట్టున ఉన్న బూటుకు లేసు ఊడి ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి పదవీ విరమణ పొందిన ఈ మనిషి, ముఖం చూసి నేరం చెప్పే విద్య తనకు పట్టుబడిందని నమ్ముతాడు. ఆ ముప్ఫై ఒక్క సంవత్సరాలలో టిక్కెట్టు లేని ప్రయాణికుడు ఒక్కడూ అతడికి చిక్కలేదు. తాను ఎక్కిన బండిలో దొంగతనంగా ఎక్కే ధైర్యం ఎవరికి ఉంటుందని అతడి ప్రశ్న. “పరిశోధనా సార్వభౌముడు” అని కార్డులు అచ్చు వేయించుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరం సార్వభౌముడనే పిలుస్తున్నాం. అందులో వెక్కిరింత ఉన్నదన్న అనుమానం అతడికి ఇంతవరకూ కలగలేదు. మరి పరిశోధకుడు కదా.

ఆ రోజు మేము కొట్టుకు వెళ్ళింది నా బల్లగడియారం మరమ్మతు కోసం. తలుపుమీద చక్కని అక్షరాలతో ఒక కాగితం అంటించి ఉంది: “శనివారం నుంచి ఈ కొట్టు ఉండదు. ఎవరి గడియారాలు వారు తీసుకువెళ్ళగలరు.”

లోపల గడియారాల పెద్దాయన బల్లమీద పనిముట్లను పొడవు వారీగా పేర్చి గుడ్డలో చుడుతున్నారు. ఆయనకు ఏడాదిగా వినికిడి తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు దాదాపు లేదు. నేను కాగితంమీద రాశాను: “ఎందుకు మూస్తున్నారు?”

“గడియారం జబ్బు కంటికి కనబడదమ్మా. చెవి దగ్గర పెట్టుకుని వినాలి. ఏ పన్ను అరిగిందో, ఎక్కడ తట్టుకుంటోందో అదే చెబుతుంది. వినబడనివాడు గడియారం విప్పాడంటే అది మోసం. అందుకే శనివారం తాళాలు ఇచ్చేస్తానని ఈ కొట్టు అద్దెకిచ్చిన ఇంటివాళ్ళతో చెప్పేశాను.”

“చెవిలో పెట్టుకునే మిషను?” అని రాశాను.

“తయారైంది. చెవి ఆసుపత్రిలో, నా పేరు రాసిన డబ్బాలో ఉంది. డాక్టరుగారు దాన్ని నా చెవికి సరిచేసి పెట్టాలి, అంతే. అరగంట పని. సోమవారం వెళ్ళాను, నిన్న వెళ్ళాను, ఇవాళా వెళ్ళొచ్చాను. అందరికన్నా ముందు వెళ్ళి కూర్చుంటున్నాను. తెరమీద అందరి పేర్లూ వస్తున్నాయి, నాది రావడం లేదు. శుక్రవారం దాటితే డాక్టరుగారు రెండు నెలలు ఉండరట.”

“అడగలేదా?” మళ్ళీ రాశాను.

“అడిగాను. పిలిచాం, మీకు వినబడి ఉండదు అంటోంది ఆ అమ్మాయి. చెవిటివాడినని నేనే ఒప్పుకుంటున్నాను. గుడ్డివాణ్ణి కాదు కదమ్మా. మూడు రోజులూ ఆ తెరను రెప్ప వెయ్యకుండా చూశాను.”

సార్వభౌముడు కళ్ళు మూసుకుని, ముక్కుతో గాఢంగా గాలి పీల్చాడు. కొట్టులో గడియారాల నూనె వాసన తప్ప మరేమీ లేదు.

“అక్కయ్యా, ఇది పేరు కాజేసిన కేసు. ముందు పేరును మాయం చేస్తారు. ఆ తరువాత మనిషిని. ఎవరూ వెతకరు, ఎందుకంటే ఆ పేరుగల మనిషే లేడు కదా. ఈయన దగ్గర ఏదో భయంకర రహస్యం ఉంది.”

“ఆయన దగ్గర నా బల్లగడియారం ఉంది.”

“ఇంకా పెద్దది.”

నన్ను అప్పుడు మరొక విషయం పట్టుకుంది. ఆ ఆసుపత్రిలో పేర్లు పిలిచే కొత్త ఏర్పాటు సోమవారమే మొదలైంది. దాన్ని తయారు చేసినది నా కూతురు పనిచేసే ఆఫీసు. తెరమీద పేర్లు చూపే భాగం సాక్షాత్తూ నా కూతురే రాసింది. ఒక పెద్దమనిషిని మూడు రోజులు వరసగా కూర్చోబెట్టి, తప్పు ఆయన చెవిదేనని చెప్పి పంపిన యంత్రంలో సగం నా ఇంటి భోజనాలబల్లమీద తయారైందన్నమాట.

ఆ సాయంత్రం అదే బల్ల దగ్గర విచారణ జరిగింది. సార్వభౌముడు మేనకోడలి ముఖంమీదికి టార్చిలైటు వేశాడు.

“మామయ్యా, గదిలో లైటు వెలుగుతూనే ఉంది.”

“నేరస్థులను ఇలాగే అడుగుతారు. చెప్పు, పెద్దాయన పేరును ఎక్కడ దాచారు?”

“దాచడం ఏమిటి? సోమవారం ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చినప్పటినుంచి నేను దాని మీదే ఉన్నాను. ఆయన పేరు నా జాబితాలోకి సుబ్బరంగా వస్తోంది. పిలవడం దగ్గరే ఎగిరిపోతోంది. పేరులో ఏదైనా అక్షరం ఇబ్బంది పెడుతోందేమోనని మూడు రకాలుగా రాసి చూశాను. తప్పంతా పాతకాపు సర్ వైపే ఉంది.”

పాతకాపు అంటే ఆ ఆఫీసులో అందరికన్నా సీనియరు. ఆసుపత్రి వరండాలో ఉండే టోకెను యంత్రానికి ప్రోగ్రాము ఆయన రాశారు. వచ్చినవారు అందులో పేరు కొట్టాలి. ఎవరి వంతు వచ్చిందో లెక్క అది చూసుకుంటుంది. ఆ వంతును తెరకు పంపుతుంది. తెర ఆ వంతు తాలూకు పేరు చూపిస్తుంది. మనుషులను అంకెలతో పిలవడం డాక్టరుగారికి ఇష్టం లేదట. అందుకని అంకెలన్నీ లోపలే ఉంటాయి, బయట పేర్లే కనబడతాయి.

“ఒక్క పనికి ఇద్దరు రెండు ప్రోగ్రాములు రాయడం ఎందుకు?” అన్నాను.

“రెండు భాషలమ్మా. వరండాలోది బుల్లి యంత్రం, దానికి లువా అనే చిన్న భాష సరిపోతుంది. నాది పైథాన్. అన్నానికీ పులుసుకీ నువ్వు ఒకే గరిటె వాడవు కదా, ఇదీ అంతే. రెండూ మాట్లాడుకోవడానికి మధ్యలో చిన్న అతుకు పెట్టాం.”

సార్వభౌముడు టార్చిని మేనకోడలి మీదినుంచి ఆమె కంప్యూటరు మీదికి తిప్పాడు. “పైథాన్ అంటే కొండచిలువ. రెండోది?”

“లువా అంటే ఏదో దేశం భాషలో చంద్రుడట.”

“చంద్రుడు. సర్పం.” అతడు లేచి కిటికీ తెర లాగాడు. “చంద్రుణ్ణి సర్పం మింగితే ఏమవుతుంది? గ్రహణం. అక్కయ్యా, ముఠా పేరు గ్రహణం. ఒక్కొక్కరినే మింగుకుంటూ వస్తుంది.”

“మామయ్యకి కాఫీ ఇవ్వమ్మా,” అని నా కూతురు మళ్ళీ కంప్యూటరులోకి తల దూర్చింది.

గురువారం ఉదయం పెద్దాయన నాలుగోసారి వెళ్ళారు. పేరు రాలేదు. మధ్యాహ్నం మేము నా కూతురి ఆఫీసుకు వెళ్ళాం. కొండచిలువ ఎదురైతే కాపాడుకోవడానికి సార్వభౌముడు మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకున్నాడు. నేలమీద నడిచినప్పుడల్లా అవి చేసిన చప్పుడుకు ఆఫీసు మొత్తం తలెత్తి చూసింది. రహస్యంగా వచ్చామని అతడు నా చెవిలో చెప్పాడు.

పాతకాపు బల్లా నా కూతురి బల్లా పక్కపక్కనే ఉన్నాయి. నాలుగు రోజులుగా ఇద్దరికీ మాటలు లేవు. చెప్పవలసినది చిన్న పసుపుపచ్చ కాగితంమీద రాసి అవతలివారి కంప్యూటరుకు అంటిస్తున్నారు. రెండు కంప్యూటర్లకూ ఉన్న కాగితాలు నేను వరసగా చదివాను. “నా వైపు తప్పు లేదు. మరొకసారి చూసుకోగలవు.” “చూసుకున్నాను. మీ వైపు మీరు చూసుకోగలరు.” “నువ్వు పుట్టకముందునుంచీ చూసుకుంటున్నాను.” చదువుకున్నవారి వ్యవహారం ఇది. అక్కడ ఒక మనిషి కొట్టు మూసుకుంటున్నాడు.

“మొత్తం కలిపి పరీక్షించి చూడలేదా?” అని పాతకాపును అడిగాను.

“చూడకుండా ఎలా ఉంటామండీ? ఇరవై పేర్ల జాబితా పెట్టి చూశాం. ఇరవై పేర్లూ వరసగా వచ్చాయి.” ఆయన ఆ జాబితా తీసి చూపించారు. పైన మొదటి గడిలో “పరీక్ష” అన్న మాట ఉంది, దాని కింద ఇరవై పేర్లు.

“ఈ పరీక్ష అన్నది కూడా తెరమీదికి వచ్చిందా?”

“అది మనిషి కాదు కదండీ, గుర్తుకోసం పెట్టుకున్నది. దాన్ని ఎవరు చూస్తారు?”

ఈ జవాబు నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడన్నది ఆలోచించే వ్యవధి సార్వభౌముడు ఇవ్వలేదు. వేలిముద్రలు తీయడానికని సంచిలోంచి టాల్కం పౌడరు డబ్బా తీసి, పాతకాపు కీబోర్డుమీద సగానికి సగం కుమ్మరించాడు. ఆపైన దాన్ని మెల్లగా ఊదబోయి తుమ్మాడు. పాతకాపు కనుబొమ్మలు తెల్లబడ్డాయి.

“ఎవరండీ ఈయన?”

“మా తమ్ముడు,” అన్నాను. నిజం చెప్పడం కొన్నిసార్లు చాలా కష్టం.

“ఆయన ముఖం చూశావా?” అన్నాడు సార్వభౌముడు మెట్లు దిగుతూ. “తెల్లగా పాలిపోయింది. అపరాధ భావం.”

శుక్రవారానికి పథకం వేశాడు. ఏడున్నరకు పెద్దాయన ఆసుపత్రికి చేరతారు. ఏ రోజూ ఒక్క నిమిషం అటూ ఇటూ కారు. ఏడూ ముప్ఫై అయిదుకు సార్వభౌముడు మారువేషంలో వెళ్ళి, ఆయన వెనకే టోకెను తీసుకుని, ఆయన పేరు మీద చెయ్యివేసే అదృశ్య హస్తాన్ని పట్టుకుంటాడు. నేనూ నా కూతురూ పెద్దాయనకు తోడుగా వెళ్ళాలని ఆజ్ఞ. అది లేకపోయినా నేను వెళ్ళేదాన్నే. మందలించవలసిన వాళ్ళు అక్కడ ఉన్నారు.

మేము ఏడున్నరకు వరండాలో అడుగు పెట్టాం. స్తంభం పక్క కుర్చీలో ఒక మనిషి తెరచిన పత్రిక వెనక కూర్చుని ఉన్నాడు. పత్రికలో కళ్ళకోసం రెండు కన్నాలు ఉన్నాయి. ఒకటి కొంచెం కిందికి పోవడంతో తలను పక్కకు వాల్చి చూడవలసి వస్తోంది. కింద రబ్బరు బూట్లు. నేను గుర్తుపట్టనట్టు నటించాను. నా పరువు నాకు ముఖ్యం.

పెద్దాయన యంత్రంలో పేరు కొట్టి, టోకెను మడిచి జేబులో పెట్టుకుని, తెరకు ఎదురుగా వెన్ను నిటారుగా నిలిపి కూర్చున్నారు. నేను రిసెప్షను దగ్గరికి వెళ్ళాను.

“ఈయన నాలుగు రోజులుగా వస్తున్నారు. ఈ రోజు తెరతో పని లేకుండా లోపలికి పంపండి.”

“లేదండీ. సిఫార్సులు ఉండకూడదనే ఈ తెర పెట్టించారు. తెరమీద పేరు రాకుండా పంపితే నన్ను ఇంటికి పంపుతారు.”

“పేరు రావడం లేదనే కదా చెబుతున్నది.”

“వస్తుందండీ. వీళ్ళకి వినబడదు, తెర చూడరు. చివరికి జాబితా అయిపోయి ఖాళీ గడి వచ్చేస్తుంది. మా మీద విరుచుకుపడతారు.”

“ఇది చెవి ఆసుపత్రి అమ్మాయీ. వినబడకపోవడం ఇక్కడికి రావడానికి అర్హత, నేరం కాదు.”

ఇలా వాదించుకుంటూ ఉండగా ఎనిమిది గంటలైంది. తెర వెలిగింది. మొట్టమొదటి పేరు వచ్చింది. అది పెద్దాయన పేరు.

ఆయన వెంటనే లేవలేదు. ఒకసారి చదివారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. జేబులోంచి టోకెను తీసి అక్షరం అక్షరం సరిపోల్చుకున్నారు. అప్పుడు లేచి, చొక్కా సర్దుకుని, డాక్టరుగారి గదిలోకి వెళ్ళారు.

“నువ్వేం మార్చావు?” అని నా కూతురిని అడిగాను.

“ఏమీ మార్చలేదమ్మా.” దాని ముఖంలో సంతోషానికి బదులు భయం ఉంది. “సర్ కూడా మార్చలేదు. ఏమీ చెయ్యకుండా బాగుపడిందంటే, మళ్ళీ ఏమీ చెయ్యకుండానే చెడుతుంది.”

పక్కగదిలో పరీక్షలకోసం రెండో పేరు వచ్చింది, మూడోది వచ్చింది, ఏడోది వచ్చింది. స్తంభం పక్క పత్రిక కదిలింది. పదో పేరు దగ్గర పత్రిక నేలమీద పడింది. సార్వభౌముడు రిసెప్షను బల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు. మారువేషం కోసం అంటించుకున్న మీసం ఒక వైపు వేలాడుతోంది.

“నా పేరేది?”

“మీ పేరేమిటండీ?”

“అజ్ఞాతవ్యక్తి. యంత్రంలో అదే కొట్టాను.”

“పిలిచి ఉంటామండీ. మీకు వినబడి ఉండదు.”

“నా చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి.”

“ఇక్కడికి వచ్చినవాళ్ళందరూ అలాగే అంటారు. కూర్చోండి.”

సార్వభౌముడు నా వైపు తిరిగాడు. “అక్కయ్యా, నన్ను తుడిచిపారేశారు. నేను వాళ్ళ గుట్టు దగ్గరికి వచ్చేశానని తెలిసిపోయింది. పెద్దాయన్ని వదిలేసి నన్ను మింగారు.”

నా కూతురు అతడి మోచెయ్యి పట్టుకుంది. “మామయ్యా, నువ్వు టోకెను ఎప్పుడు తీసుకున్నావు?”

“ఏడూ ముప్ఫై అయిదుకు. పథకం ప్రకారం. అప్పటికి పెద్దాయన రాలేదు. ఎత్తుకుపోయారనే అనుకున్నాను.”

“ఏడున్నరకే మేము ముగ్గురం వచ్చాం. నువ్వు అప్పటికే కూర్చుని ఉన్నావు.”

నేను మా తమ్ముడి మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. అందులో తొమ్మిదింబావు అయింది. ఆసుపత్రి గోడమీద ఎనిమిదీ ముప్ఫై అయిదు.

“ఒరేయ్, నీ గడియారం నలభై నిమిషాలు ముందుంది.”

“అంటే ఇవాళ మొదటి టోకెను మామయ్యది,” అంది నా కూతురు. “మిగతా నాలుగు రోజులూ మొదటి టోకెను తాతగారిది. ఆయన పేరులో ఏమీ లేదు. ఆయన రోజూ ముందు వస్తున్నారు, అంతే.”

అప్పుడు నాకు గుచ్చుకున్నది ఏమిటో దొరికింది. “మీ పరీక్ష జాబితాలో మొదటి గడి,” అన్నాను. “అది కూడా తెరమీదికి వచ్చి ఉండదు. మనిషి కాదు కనక ఎవరూ అడగలేదు.”

నా కూతురు ఫోను తీసి పాతకాపుకు చేసింది. నాలుగు రోజుల తరువాత ఆ ఇద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. స్పీకరు పెట్టింది కనక నేనూ విన్నాను.

“సర్, మొదటి మనిషి వంతు వచ్చినప్పుడు మీ యంత్రం నాకు ఏ అంకె పంపుతుంది?”

“ఒకటి. మొదటివాడు ఒకటి కాక మరేమిటి?”

“నా దగ్గర మొదటివాడు సున్నా సర్.”

ఫోనులో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

“మనిషి కళ్ళెదుట కూర్చుని ఉంటే సున్నా అంటావా?”

“నేను అనడం కాదు సర్, పైథాన్‌లో లెక్క సున్నానుంచి మొదలు. సున్నా, ఒకటి, రెండు. మీరు ఒకటో వాణ్ణి పిలవమంటే నేను నా ఒకటిని పిలుస్తున్నాను. అంటే వచ్చినవాళ్ళలో రెండో మనిషిని. మొదటి మనిషి సున్నాలో కూర్చుని ఉండిపోతున్నాడు. చివర్లో మీరు అడిగే అంకె దగ్గర నా జాబితాలో ఎవరూ ఉండరు.”

“అందుకా ఖాళీ గడి? అయిపోయిందనడానికి గుర్తుగా నువ్వే పెట్టావనుకున్నాను.”

“మీరు పెట్టారనుకున్నాను.”

లువాలో ఒకటినుంచి లెక్కపెట్టడం తప్పు కాదు. పైథాన్‌లో సున్నానుంచి లెక్కపెట్టడమూ తప్పు కాదు. తన లెక్క లోకం లెక్క అనుకోవడం, అవతలివారిని అడగకపోవడం, అడగవలసినది పసుపుపచ్చ కాగితంమీద దెప్పిపొడుపుగా రాయడం, ఇవి తప్పులు. నేను ఈ మాట ఇద్దరికీ వినబడేలా చెప్పాను.

ఫలితంగా ఇద్దరూ ఎంత మర్యాదస్తులయ్యారంటే, నా కూతురు ఆయన్ని శ్రమ పెట్టడం ఎందుకని తన వైపు అంకెలోంచి ఒకటి తీసేసింది. పిల్లను శ్రమ పెట్టడం ఎందుకని పాతకాపు కూడా తన వైపు ఒకటి తీసేశారు. ఎవరికి వారు రెండోవారికి చెప్పలేదు. మధ్యాహ్నం పరీక్షించి చూస్తే సున్నాకన్నా ఒకటి తక్కువ వచ్చింది. పైథాన్‌లో దానికి అర్థం జాబితాలో చిట్టచివరి మనిషి అట. అందరికన్నా ఆలస్యంగా వచ్చినవాణ్ణి తెర సగౌరవంగా ముందు పిలిచింది. ఈసారి మాత్రం ఇద్దరూ కంప్యూటర్లకు ఉన్న కాగితాలన్నీ పీకి, కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చుని సరిచేశారు.

అదంతా తరువాతి మాట. ఫోను పెట్టేసరికి డాక్టరుగారి గది తలుపు తెరుచుకుంది. పెద్దాయన గుమ్మంలో ఆగిపోయారు. చెవి వెనక చిన్న మిషను ఉంది. కుర్చీల కిరకిర, ఎవరిదో దగ్గు, వీధిలో బండి చప్పుడు, ఒక్కొక్కటీ ఎక్కడినుంచి వస్తున్నదో తల తిప్పి చూసుకుంటూ మెల్లగా రిసెప్షను దాకా వచ్చారు. అక్కడ తల పైకెత్తి గోడగడియారం కేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

“అమ్మాయీ, నీ గడియారం కుంటుతోంది. లోపల ఒక పన్ను అరిగింది.” ఆయన గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు, నిజంగానే అడిగారు. “నీకు వినబడటం లేదా?”

ఆ అమ్మాయి తల దించుకుంది. నేను మందలించవలసినది ఇక మిగల్లేదు.

శనివారం కొట్టు తలుపుమీద కాగితం లేదు. ఇంటివాళ్ళు తాళాలు తీసుకోకుండానే వెళ్ళిపోయారట. పెద్దాయన నా బల్లగడియారాన్ని అప్పటికే బాగుచేసి ఉంచారు. సార్వభౌముణ్ణి బలవంతాన వెంట తీసుకువెళ్ళాను.

“మా తమ్ముడి చేతి గడియారం కూడా ఒకసారి చూడండి. నలభై నిమిషాలు ముందు నడుస్తోంది.”

పెద్దాయన దాన్ని చెవికి ఆనించుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఎంతో కాలం తరువాత ఇంటికి వచ్చిన మనిషి మాట వింటున్నట్టు విన్నారు.

“బాబూ, ఇది ఇలా ఎన్నాళ్ళనుంచి?”

“ఉద్యోగంలో చేరినప్పటినుంచి. నేరస్థుడికన్నా ఎప్పుడూ ముందుండాలన్నది నా పద్ధతి. నిన్న ఆ గ్రహణం ముఠాను చెదరగొట్టింది ఆ పద్ధతే.”

“నిన్న మీరు నాకన్నా ముందు వచ్చింది దీన్ని చూసుకునేనా?”

“దీన్ని చూసుకునే.”

ఆయన నా వైపు చూశారు. తరువాత గుడ్డతో గడియారం అద్దాన్ని జాగ్రత్తగా తుడిచి, వెనక మూత విప్పకుండానే దాన్ని మా తమ్ముడి చేతికి కట్టారు. చీటీమీద “మరమ్మతు అవసరం లేదు” అని రాసి ఇచ్చారు.

“చూశావా అక్కయ్యా,” అన్నాడు సార్వభౌముడు మెట్లు దిగుతూ. “అంతటి నిపుణుడు చెవి పెట్టి విన్నాడు. లోపం కనిపెట్టలేకపోయాడు.”

బస్సుకు వేళైందని అతడు తొందర పెట్టాడు. బస్‌స్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాం.